వరదయ్య అరుగు, జెబరాజ్ విగ్రహం

తొండియార్‌పేట మూల మీద జెబరాజ్‌కు నిలువెత్తు విగ్రహం నెలకొల్పి చరిత్ర సృష్టిస్తామని కౌన్సిలర్ బాలసుందరం మైకులో ప్రకటించాడు. ఆ నాటికి చింతపండు మండీ వరదయ్య చేతిలో ఉన్నవి ఇవి: ముప్పై ఏళ్ల వ్యాపారం, షాపు ముందు ఎనిమిదడుగుల సిమెంటు అరుగు, ఆ అరుగు మీద కార్పొరేషన్ వాళ్లు గీసిపోయిన ఎర్ర పెయింటు గీత. వాననీటి కాలువ ఆ గీత మీదుగానే పోవాలట. అరుగు పోతే లారీల్లోంచి బస్తాలు దించుకునే చోటు పోతుంది. అది పోయాక మండీ అని బోర్డు ఉండి ప్రయోజనం లేదు.

జెబరాజ్ పోలీసు కాదు. ఖాకీ ప్యాంటు, మెళ్లో ఈల మాత్రం ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా జీతం లేకుండా బడి పిల్లల్ని రోడ్డు దాటిస్తాడు. ఎన్నూరు రోడ్డు మీద వచ్చే లారీలను ఈలతోనే వెనక్కి నడిపించి, సరిగ్గా వరదయ్య అరుగుకు ఆనిస్తాడు. అతనంటే వీధికంతా ప్రాణం. ఎన్నికలు దగ్గర పడ్డాక కౌన్సిలర్‌కు కూడా ప్రాణమైంది.

వరదయ్య ఆ సాయంత్రమే కౌన్సిలర్‌ను కలిశాడు.

"తలైవరే, జెబరాజ్ సిల మన అరుగు అంచునే పెట్టుకోండి. చోటు నాది, పీఠమూ నాదే."

"ఎంత పెద్ద మనసు శెట్టియారే మీది!"

మనసు సంగతి అలా ఉంచితే, వరదయ్య లెక్క వేరు. ఈ ఊళ్లో ఇంజనీరు ఇల్లు కూలగొట్టగలడు, వీధినే మాయం చేయగలడు. విగ్రహం పక్కన గడ్డపార వేయగల ఇంజనీరు మాత్రం ఇంకా పుట్టలేదు.

"ఒక సందేహం తలైవరే. బతికుండే మనిషికి సిల పెట్టొచ్చునా?"

"చచ్చినోళ్లను పెట్టేదా వద్దా అని అడిగేదానికి లేదు గదా. ఈయన్ను అడిగినాం, సరే అన్నాడు. దీనికి మించిన ప్రజాస్వామ్యం ఏడుంది?"

విగ్రహం పదిహేను రోజుల్లో వచ్చేసింది. శిల్పి షెడ్డులో ఓడిపోయిన నాయకుడొకాయన విగ్రహం ఉండిపోయింది, దాన్ని ఎవరూ తీసుకెళ్లలేదు. చెయ్యి ముందుకు చాపే ఉంది కాబట్టి, పంచె అలాగే ఉంచి తల ఒక్కటే మార్చారు.

"మొదలాళీ, నేనెప్పుడు వేష్టి కట్టినా?" అన్నాడు జెబరాజ్ వరదయ్యతో, తన విగ్రహాన్ని కింది నుంచి పైకి చూస్తూ.

"సిల అయినాక కట్టాల్సిందే," అన్నాడు వరదయ్య.

ఇంజనీరు వచ్చి విగ్రహానికి నమస్కారం చేసి, కాలువను ఎదురు వరుసకు మార్చి వెళ్లాడు. వరదయ్య ఎర్ర గీత మీద సున్నం కొట్టించాడు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. మూడోనాడు, ఎవరైనా అవమానం చేస్తారేమోనని విగ్రహం చుట్టూ ఇనుప బోను బిగించారు. మరునాడు ఇద్దరు కానిస్టేబుళ్లను కాపలా వేశారు. వారం తిరక్కుండా బోర్డు కూడా వచ్చింది: విగ్రహానికి యాభై అడుగుల లోపల బండ్లు నిలపరాదు, గుంపు చేరరాదు, చప్పుడు చేయరాదు.

జెబరాజ్ ఎప్పటిలాగే వచ్చి ఈల వేశాడు. కానిస్టేబుల్ వెంకట్రామ్ పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా, ఈడ ఈల ఎయ్యగూడదు. సిలకు మర్యాద గాదు."

"అది నా సిల సార్!"

"ఎవరిదైతే ఏమి? మర్యాద మర్యాదే. పక్క వీధికి పోయి ఏసుకో సామీ."

జెబరాజ్ పోయాడు. పక్క వీధిలో జనార్దనం మండీ ఉంది. ఈల అటువైపు వినబడేసరికి పిల్లలు అటే దాటారు, లారీలు అటే తిరిగాయి.

వరదయ్య కౌన్సిలర్‌కు ఫోన్ చేశాడు. "దినానికి ఒక్క లారీ నిలపనిమ్మని చెప్పండి తలైవరే."

"సిల ఎదుట లారీనా? చోటిచ్చిన దాత, మీరే ఇట్టా అడిగితే ఎట్టా శెట్టియారే?"

ఇంట్లో భార్య రాజలక్ష్మి అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఇంత చేసినారే, మనకు మిగిలిందేంది?"

"అరుగు," అన్నాడు వరదయ్య.

నిజమే. ఎనిమిదడుగుల్లో అంగుళం కూడా తగ్గలేదు. పొద్దున ఒక కానిస్టేబుల్, సాయంత్రం ఇంకొక కానిస్టేబుల్ దాని మీద కూర్చుంటారు. మధ్యలో వాళ్లు టీకి వెళ్లినప్పుడు వరదయ్య కూర్చుంటాడు.