పది ముక్కల ఆకాశం

పొద్దున్నే టీ తాగి, అయిదొందల ముక్కల బొమ్మ పజిల్‌ను ఓ గంట పేర్చాలి. మెదడు చురుగ్గా ఉండడానికి దర్జీ భార్యకు డాక్టరమ్మ పెట్టిన నియమం అది. రెండుసార్లు పాలు పొంగబెట్టిందని ఆమెకు మతిమరుపు అంటగట్టారు. ముప్ఫయ్యేళ్లు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఊరందరి నంబర్లూ నాలుక చివర పెట్టుకున్న మనిషి! మగవాడు పొంగబెడితే పరధ్యానం, ఆడది పొంగబెడితే జబ్బు.

ఆ బొమ్మలో ఆకాశం ఆమెకు కుదరలేదు. అంతా ఒకటే నీలం. కళ్లనీళ్లు పెట్టుకుంది. అది చూడలేక దర్జీ, ఆమె నిద్ర లేవకముందే రోజుకు పది ఆకాశం ముక్కలు చాటుగా అమర్చసాగాడు. సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె హడలిపోయింది.

"ఏమండీ, ఇవి నేనెప్పుడు పెట్టాను?"

"నిన్ననేగా! భలే పెట్టావులే."

"నాకు గుర్తే లేదండీ."

ఆయన మెచ్చుకున్నకొద్దీ ఆమెకు భయం ముదిరింది. నిద్రలో లేచి పేరుస్తున్నానేమోనని కాలిని మంచంకోడుకు కట్టుకుని పడుకుంది. పొద్దున ఆ సంగతి మరిచి దిగబోయి బోర్లా పడింది. దాంతో మరీ బెంబేలెత్తి, పజిల్‌ను కింది చెక్కపలకతో సహా బీరువాలో పెట్టి, తాళంచెవి ఆయనకే ఇచ్చింది. దొంగకే కాపలా పని.

మర్నాడు తాళం తీయించి చూస్తే ఆకాశమే కాదు, కింద పడవ కూడా మొత్తం తయారై ఉంది.

"నన్నెక్కడైనా చేర్పించేయండి," అని ఏడ్చింది. "ఏదో ఒకరోజు గ్యాసు తెరిచి మిమ్మల్ని కూడా చంపేస్తాను."

ఇక దాచడం దర్జీ వల్ల కాలేదు. ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి, కూర్చోకముందే నిజం కక్కేశాడు.

"తప్పు నాదేనమ్మా. రోజూ పది ముక్కలు నేనే పెట్టాను. ఈవిడ బుర్రకేం కాలేదు."

భార్య ఇంతెత్తున లేచింది. "నా ప్రాణం తోడేశారు కదండీ! పది ముక్కలేనా? పడవే అరవై ముక్కలుంటుంది!"

"ఆకాశం తప్ప నేనేం ముట్టుకోలేదే."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. రాత్రి జేబులోంచి తీస్తే ఒట్టు."

"మరి పడవెవరు పెట్టారు?"

దర్జీ ఆమె వంక అమాయకంగా చూశాడు. "ఏ పడవ?"

డాక్టరమ్మ మెల్లగా కుర్చీని ఆయన వైపు తిప్పుకుంది. తిడుతూ ఎత్తిన చేయి భార్య ఆయన భుజం మీద వేసింది, తీయలేదు.

ఆమెకు జబ్బు లేదని ఆ పూటే తేలిపోయింది గానీ, భయపడే పని మాత్రం ఆమె మీదే ఉండిపోయింది. ఆయనకు గుర్తుండదు కదా.