మీసాల రాజు మాయమైన కేసు

“ఏడు సముద్రాల అవతల దాక్కున్నోణ్ణి పట్టేటోణ్ణిరా నాగేందర్. ఈడ ఉన్నది ఒక్క ఎర్ర సముద్రం. నాకిది ఒక లెక్కనా?”

ఇలా నాతో గర్జించినవాడు సౌదీ యాన్బులో నా గది భాగస్వామి, ఏసీ మెకానిక్ జనార్దన్. నివాస కార్డు ఇఖామాలో మాత్రం అతని వృత్తి గొర్రెల కాపరి. స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న నితాఖత్‌లో మా కంపెనీ ఎర్ర కేటగిరీలో పడి పని ఆగినప్పటి నుంచి అతను డిటెక్టివ్, నేను అసిస్టెంట్. ఇద్దరి తెలివీ కలిపినా గొర్రెలే నయం.

కేసు కింది వాటాలో తగిలింది. కుటుంబం మీద సర్కారు వేసిన లెవీ కట్టలేక కాలేషా, మాబున్నీ దంపతులు పిల్లలతో రేపే ఇక తిరిగిరాకుండా ఫైనల్ ఎగ్జిట్‌లో పోతున్నారు. అందరూ మామా అని పిలిచే ఇంటి యజమానురాలు తన పాత హారం కొత్త దారంతో గుచ్చమని మాబున్నీకి ఇచ్చింది. అందులోని వెండి నాణెం కనబడటం లేదు. వెనకటికి ఎర్ర సముద్రం అవతలి ఎరిత్రియా కోసం ఇటలీవాళ్లు కొట్టించినది. మామా తాత పడవలో తెచ్చాడట.

“సాయంత్రం అసర్ నమాజు కాంగానే మామా వస్తాదన్నా. దొంగతనం అంటగడితే మా ఎగ్జిట్ ఆగిపోతాది. మల్లా లెవీ యాడ తెచ్చేది?” అని మాబున్నీ కళ్లొత్తుకుంది. వీసా ఇచ్చిన కఫీల్ ఆఫీసుకు పోయిన కాలేషా ఫోన్ కలవడం లేదు.

హారం విప్పేముందు ఆమె నాణేనికి రెండు వైపులా ఫొటో తీసుకుంది. జనార్దన్ ఆ ఫోన్ మీద భూతద్దం పెట్టి, బల్ల మీది పళ్లెంలో దొంతరగా ఉన్న పాలకోవా బిళ్ల ఒకటి నోట్లో వేసుకున్నాడు. మెదడుకు మేత అన్నాడు. నేనూ మేశాను.

“కిరీటం, బుర్రమీసాలు. అనుమానితుని మొఖం దొరికింది.”

“అది ఇటలీ రాజు బొమ్మరా. పోయి వందేళ్లు దాటింది.”

“రాజైతే అనుమానించొద్దా? ఎనక సూడు. గద్ద. దాని రొమ్ము మీద డాలు, డాలు మీద ప్లస్ గుర్తు. ప్లస్ గుర్తు ఏడుంటది?”

“మందుల షాపు మీద,” అన్నాను. అతనితో తిరిగి నేనూ పాడైపోయాను.

“గంతే. గద్ద లెక్క తన్నుకపోయిన మీసాల కాంపౌండరు.”

“ఈ వీధిలో మందుల షాపే లేదన్నా,” అంది మాబున్నీ.

“అందుకే దొరకలే చెల్లే. వాడు మామూలోడు కాదు.”

ఆమె ఏడుపు ఎక్కువైంది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో ఇంకో కోవా తిన్నాను. అడుగున మిగిలిన ఆఖరిదాన్ని జనార్దన్ చూడకుండానే కొరికాడు. కటుక్కుమంది. అరచేతిలోకి ఊస్తే సగం పన్ను, దాంతోపాటు కోవా అంటుకున్న వెండి రాజు బయటపడ్డారు.

అప్పుడే కాలేషా కాగితాలతో లోపలికొచ్చాడు.

“కోవా అచ్చు మొన్ననే కార్గోలో ఏసేసినాం గదా. బొమ్మ బాగుందని ఈ నాణేన్ని కడిగి అచ్చు కొట్టినా. ఆఖరిదాని మీద ఒత్తేసరికి కఫీల్ ఫోన్ చేసినాడు. అట్నే ఇడిసి, మిగతావి పైన పేర్చి ఉరికినా.”

అంటే మేం తిన్న ప్రతి కోవా మీదా ఆ మీసాలే ఉన్నాయి. భూతద్దం మాత్రం ఫోన్ మీదే ఉంది.

మాబున్నీ నాణేన్ని కళ్లకద్దుకుని ఏడుస్తూనే నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. జనార్దన్ దవడ పట్టుకుని, కేసు ఛేదించినట్టు ప్రకటించబోయాడు.

“అన్నా, మామాకు ఇచ్చి సెలవు తీసుకుందామని చేసిన కోవా యాడబోయింది?” అన్నాడు కాలేషా ఖాళీ పళ్లెం చూస్తూ.

బయట మామా తలుపు తట్టింది. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన అసలు దొంగతనం ఇదొక్కటే. దొంగలిద్దరం మూతులైనా తుడుచుకోకుండా అక్కడే నిలబడి ఉన్నాం.