పూజాబీరువాలో గాజుపలక

ఆ శుక్రవారం ఉదయం షియోరికి ఉన్న పని ఒక్కటే, గాజుపలకలు తీసి చూడడం. జపాన్‌లో తజిమి ఊళ్ళోని ఒక టైల్స్ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో ఆమె టైటానియం డయాక్సైడ్ పొడిని యూరియాతో కలిపి పసుపెక్కేదాకా కాల్చి, పలకలకు పూత పూసి, పైన నీలిరంగు అద్దింది. మామూలు గది వెలుతురుకే ఆ నీలం చెరిగిపోవాలి, చీకట్లో చెరగకూడదు. తేడా కనిపించకపోతే ఈ పరిశోధన సాయంత్రానికే మూసేస్తానని యజమాని ఇబుకి తేల్చి చెప్పాడు. షియోరి ఉద్యోగమూ దానితోనే పోతుంది.

చీకటి చోటు చూపించింది పైఅధికారి కుజె. "పెద్దాయన పూజాబీరువా ఎవరూ తెరవరు. అంతకంటే చీకటి ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. పెద్దాయనంటే ఇబుకి తండ్రి, ఫ్యాక్టరీ పెట్టినవాడు. పోయి ఏడాదయింది.

గదిలో ఉంచిన పలక మీద నీలం చెరిగింది. కానీ వారం కిందట బీరువాలో పెట్టిన పలకను ఈ ఉదయం తీస్తే, దానిమీదా నీలం దాదాపు మాయమైంది. మిగిలిన కాస్తా నడుం వంగిన ముసలివాడిలా ఉంది, చేతిలో కర్రతో సహా.

"అమ్మాయ్, మన పెద్దాయన!" అన్నాడు కుజె.

"మరకండీ అది."

"మరకకి చేతికర్ర ఉంటుందా?"

గంటలో క్యాంటీనువాళ్ళు బీరువా ముందు సాకే అనే బియ్యపు సారా, అన్నం పెట్టారు. వాచ్‌మన్ బీరువా ఉన్న వరండాలోకి రానన్నాడు. ఇబుకి పరుగున వచ్చి పలక చూసి నేలకు నుదురు ఆనించాడు.

"నాన్నగారూ, మూయనండీ! కోపం వద్దు!"

ఉద్యోగం దక్కింది. కానీ చీకట్లోనూ రంగు చెరిగిందంటే పూత గొప్పేమీ లేనట్టే. షియోరికి ఏడుపొచ్చింది.

సాయంత్రం శాంతి చేయడానికి పూజారి వచ్చి దీపాలన్నీ ఆర్పించాడు. ఆ చీకట్లో బీరువా తలుపుల సందులోంచి సన్నని వెలుగు కనిపించింది. షియోరి విసురుగా తలుపు లాగింది. చీకటి. మూసింది. వెలుగు.

"ఆడుకుంటున్నారమ్మో!" అంటూ కుజె పూజారి వెనక నక్కాడు.

ఈసారి ఆమె తలుపు సందులోంచి చెయ్యి పెట్టి తడిమింది. తలుపు మూస్తే వెలిగే బుల్లి దీపం, దాని ముందు గాలం పట్టుకుని వంగి కూర్చున్న ఎబిసు దేవుడి కొయ్యబొమ్మ తగిలాయి.

"సార్! ఇంత చిన్న దీపానికే నీలం చెరిగింది! బొమ్మ నీడ పడ్డచోటే మిగిలింది! పూత పనిచేసింది సార్!"

ఇబుకి కళ్ళు తుడుచుకున్నాడు. "దేవుడు చీకట్లో ఉండకూడదని ఆ దీపం పెట్టింది నాన్నగారే. అయితే ప్రయోగం ఆయనదే కదమ్మా!"

పరిశోధనా పత్రం అచ్చయింది. మొదటి పేరు పెద్దాయనది, రెండోది చోటు చూపించిన కుజెది, మూడోది షియోరిది. సందేహాలుంటే మొదటి రచయితను సంప్రదించమని కింద వేశారు.