నీలాంబర్ గారి నాలుగు ఆధారాలు

రెండో శనివారం, కరెంటాఫీసుకు సెలవు. గజపతినగరంలో ఆ పొద్దున సంజయ్ పెట్టుకున్న పనులు మూడే. సూరయ్య కొట్లో మినప్పప్పు తేవడం, ఇడ్లీలు తినడం, పది కొట్టేలోగా డిటెక్టివ్ నీలాంబర్ అయిపోవడం.

నీలాంబర్ సంగతి కాస్త చెప్పాలి. వాట్సాప్‌లో 'ఆనవాళ్లు' అని ఒక గ్రూపు ఉంది. అందులో ఏడుగురు కలిసి ఏడాదిగా ఒక అపరాధ పరిశోధన కథ నడుపుతున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర, ఎవరి పాత్ర మాటలు వాళ్లే రాయాలి. ఎచ్చెర్ల ధనరాజ్ ఇన్‌స్పెక్టరు, మన సంజయ్ డిటెక్టివు. చెప్పుల అరుగుదల చూసి మనిషి ఊరు చెప్పేస్తాడు, తెగిన గుండీ చూసి కాపురం చెప్పేస్తాడు. చెప్పినవన్నీ నిజమయ్యేవి కూడా, ఎందుకంటే కథ ముందుకు సాగాలి గనక మిగతా ఆరుగురూ ఒప్పేసుకునేవారు. ఈ చిన్న విషయం సంజయ్ మరిచిపోయి చాలా రోజులైంది.

సూరయ్య కొట్లో జ్ఞానానందం మాస్టారు కనబడ్డారు. రిటైరైన హెడ్మాస్టరు, బాప్టిస్టు చర్చిలో పెద్ద, ఏడో తరగతిలో సంజయ్ చెవి మెలేసిన చెయ్యి ఆయనదే.

"బాగున్నావేటి సంజయ్?"

"బాగున్నానండి మాస్టారూ" అన్నాడే గానీ సంజయ్ కళ్లు అప్పటికే పనిలో పడ్డాయి. ఎప్పుడూ స్కూటరు దిగని మనిషి నడిచి వచ్చారు. ఎడమ మణికట్టు మీద వాచీ లేదు, అది ఉండాల్సిన చోట తెల్లటి చార ఉంది. బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు. బస్తాల లెక్కన బియ్యం కొనే మాస్టారు అర కేజీ నూకలు పొట్లం కట్టించుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

సంజయ్ ఇంటికొచ్చి ప్లేటు ముందు కూర్చుని, ఒక చేత్తో ఇడ్లీ తింటూ రెండో చేత్తో టైపు కొట్టాడు. 'నీలాంబర్ కళ్లు చికిలించాడు. ఈ పెద్దమనిషి బండి పోయింది. వాచీ పోయింది. నడుము రెండంగుళాలు పోయింది. ఇప్పుడు నూకలు కొంటున్నాడు. ఇన్‌స్పెక్టర్, ఈయన ఆకలితో ఉన్నాడు. చచ్చినా ఆ మాట బయటపెట్టడు.'

"గురూ, ఏడిపించీసినావు" అని ధనరాజ్ వెంటనే రాశాడు. సంజయ్ ఆనందంగా ఇంకో ఇడ్లీ వేసుకున్నాడు.

చట్నీ వేయడానికొచ్చిన శాంతి భర్త భుజం మీంచి తొంగి చూసింది. "ఏటండీ ఇది? మన జ్ఞానానందం మాస్టారు కాదేటి?"

ఇక్కడ 'ఉత్త కథలేవే' అనేస్తే సరిపోయేది. కానీ ఏడాదిగా ఒక్క కేసూ ఓడిపోని మనిషి ఆ మాట ఎలా అంటాడు?

"కథే గానీ, ఆధారాలు నిజమే. పొద్దున్న కళ్లారా సూసేను."

"అయితే నిజంగా తిండికి లేదంటారా?"

"నా లెక్క తప్పదు" అన్నాడు సంజయ్ నోటితో నీలాంబర్.

శాంతి వంటింట్లోకి వెళ్లి మహిళా సమాజం ప్రెసిడెంటు అన్నమ్మ గారికి ఫోను చేసింది. ఆ సంఘంలో ఒకరింటి గుట్టు ఇంకొకరికి చెప్పడం పాపం, ప్రార్థన మనవిగా చెప్పడం మాత్రం ప్రేమ. మాస్టారు ఇబ్బందిలో ఉన్నారని శాంతి చెప్పిన మనవి, మూడో ఇంటికి చేరేసరికి రెండు రోజులుగా ఆ ఇంట్లో పొయ్యి వెలగడం లేదయింది. ఆరో ఇంటి దగ్గర మాస్టారు కళ్లు తిరిగి సూరయ్య కొట్లోనే పడిపోయారు. తొమ్మిదో ఇంట్లో ఒకావిడ ఉపవాసం మొదలెట్టేసింది.

అరగంటకి అన్నమ్మ గారు తిరిగి ఫోను చేశారు. ఆవిడ గొంతు పెద్దది, ఫోను దూరంగా పెట్టుకున్నా వినిపిస్తుంది.

"చర్చిలో పోగైన పిడికెడు బియ్యం తీసీసేమమ్మా, రెండు బస్తాలున్నాది. ఆటో ఎక్కించీసేం. ఈవేళ కృపారాణిని సూడ్డానికి బొబ్బిలి నుంచి పెళ్లివారొస్తన్నారంట కదా. పాపం, ఏటెట్టి పంపుతారు? ఆళ్లు రాకముందే అందించీయాల!"

సంజయ్ ఉలిక్కిపడి లేచాడు. కృపారాణి మాస్టారి ఒక్కగానొక్క కూతురు. తల్లి లేని పిల్లకి ఇన్నాళ్లకి మంచి సంబంధం వచ్చింది. పెళ్లివారి ఎదుట ఆ బస్తాలు దిగితే ఇంకేమైనా ఉందా? అన్నమ్మ గారికి ఫోను కలిపాడు. ప్రార్థన మనవులతో లైను ఖాళీ లేదు. లుంగీ మీదే బండెక్కాడు.

సంజయ్ చేరేసరికి ఆటో ఖాళీగా నిలబడి ఉంది. వరండాలో బొబ్బిలి థామస్ గారు, ఆయన భార్య కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ల కాళ్ల ముందు రెండు బస్తాలు, చుట్టూ మోకాళ్ల మీద ఎనిమిదిమంది ఆడవాళ్లు. అన్నమ్మ గారు కళ్లు మూసుకుని, చేతులు పైకెత్తి, "తండ్రీ, పస్తులున్న ఈ కుటుంబాన్ని నీ కృపలో దాచుకో!" అని వీధి చివరికి వినపడేలా ప్రార్థిస్తున్నారు. టీ కప్పుల పళ్లెంతో గుమ్మంలో ఆగిపోయిన కృపారాణి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆమెన్ అయ్యాక థామస్ గారు వంగి, బస్తా మూతిలోంచి గుప్పెడు బియ్యం తీశారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఉప్పుడుబియ్యం, రేషను బియ్యం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వంట వండే ప్రతిసారీ ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసిపెట్టి, ఆదివారం చర్చిలో పోస్తే, లేనివాళ్లకి పంచే బియ్యం అది. పది ఇళ్ల బియ్యం కలిసిన రంగును ఏ చర్చిలో పుట్టినవాళ్లకైనా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"పిడికెడు బియ్యం కదండీ ఇది" అన్నారాయన నెమ్మదిగా.

"ఏటమ్మా ఇది?" మాస్టారు లేచి నిలబడ్డారు.

"మాకొక మాట సెప్పకూడదేటి మాస్టారూ? నూకలు తింటారా?" అన్నమ్మ గారు నిజంగానే ఏడుస్తున్నారు.

"నూకలు కోడిపిల్లలకమ్మా!"

సమయానికి కుర్చీ కిందనుంచి ఓ కోడిపిల్ల కీచుమంది.

మిగతాది కృపారాణే చెప్పింది. నాన్నకి షుగరు వచ్చింది. డాక్టరు నడవమంటే తనే స్కూటరు తాళం దాచేసింది. తెల్లన్నం మానిపించి చోడి అంబలి, అంటే రాగిజావ, పోస్తోంది. మనిషి తగ్గాడు, దాంతో వాచీ జారిపోతోంది, బెల్టుకి చిల్లులు చాలడం లేదు. అంతే.

"మరి పస్తులని ఎవరు సెప్పేరు?" అన్నారు మాస్టారు.

అందరూ అన్నమ్మ గారిని చూశారు. ఆవిడ గేటు దగ్గరున్న లుంగీని చూసింది. సంజయ్‌కి భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ గజపతినగరం నేల గట్టిది.

"నేనేనండి. కథలో రాసేను."

"సదువు. గట్టిగా."

ఏడో తరగతిలోలాగే నిటారుగా నిలబడి, సంజయ్ ఫోను తీసి చదివాడు. బండి పోయింది, వాచీ పోయింది, నడుము పోయింది. ప్రతి 'పోయింది' దగ్గరా వాడి పరువే కొంత కొంత పోయింది. చెవులు కాలిపోతున్నాయి. ఎవరైనా నవ్వితే బాగుండునని చూశాడు. ఎవరూ నవ్వలేదు.

చివరికి థామస్ గారే గొంతు సవరించుకున్నారు. "మా నాన్న పోయినాక మా అమ్మ నన్నీ బియ్యంతోనే పెంచింది మాస్టారూ. ఒక మాట వినపడితే రెండు బస్తాలట్టుకుని పరిగెట్టొచ్చే ఊరు మా కోడలికి పుట్టిల్లవుతాదంటే, మాకింకేటి కావాల?"

కృపారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. అన్నమ్మ గారు ఇంకో ప్రార్థన మొదలెట్టబోతే పక్కావిడ ఆపింది. సంజయ్ గుండెల మీంచి బండ దిగింది. 'గండం గడిచింది' అనుకుంటూ గేటు వైపు జరగబోయాడు.

"ఆగు" అన్నారు మాస్టారు. కోపంగా అనలేదు, అదే సంజయ్‌ని భయపెట్టింది. "నేను ఆకలితో ఉన్నానని నీకు పొద్దున్న ఏడున్నరకే తెలిసిపోనాది కదా?"

"అవునండి."

"నిజమే అనుకున్నావు కదా?"

"అనుకున్నానండి."

"మరి అక్కడే 'తిన్నారా మాస్టారూ' అని ఒక్క మాట అడగలేదేటిరా?"

సంజయ్‌కి అప్పుడు లెక్క తేలింది. మాస్టారు పస్తున్నారని పూర్తిగా నమ్మి, ఇంటికెళ్లి ఆరు ఇడ్లీలు తిన్న మనిషి తను. తప్పు వార్త విన్న ఆడవాళ్లు బస్తాలు మోసుకొచ్చారు. అది పుట్టించిన తను చట్నీ వేయించుకున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేక, అక్కడున్న బస్తా ఒకటి భుజానికెత్తుకుని తిరిగి ఆటోలో వేశాడు. రెండోదీ వేశాడు. ఎవరూ సాయం రాలేదు, రమ్మని వాడూ అడగలేదు.

ఆ సాయంత్రం గ్రూపులో అందరూ నీలాంబర్ తర్వాతి మాట కోసం కాచుకుని కూర్చున్నారు. సంజయ్ 'తిన్నారా అందరూ?' అని మాత్రం రాశాడు.

అందులో ఏం ఆధారం దాగుందో తెలియక ఇన్‌స్పెక్టరు ధనరాజ్ ఇప్పటికీ దర్యాప్తు చేస్తున్నాడు.