రైలెక్కిన హాజరుపట్టీ

విద్యార్థులు పాఠాలు ఎగ్గొట్టడానికి గల కారణాలను వేళ్లతో సహా పెకలించి ప్రజల ముందు పెట్టేందుకు ప్రభుత్వం వారు ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించారని 1963 జూలైలో పత్రికలన్నీ మొదటి పేజీలో ప్రకటించాయి. ఆ ఏకసభ్యులు పరిగి వాస్తవ్యులు శ్రీ వెంకటయ్యగారు. గడిచిన ఎన్నికల్లో ప్రజలు ఆయన్ను అసెంబ్లీలో హాజరు కానివ్వలేదు. గైర్హాజరు బాధ ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ప్రభుత్వం వారి ఎంపికను మెచ్చుకోని వాళ్లు లేరు.

విచారణకు మొట్టమొదట నోచుకున్నది వికారాబాదులో కొత్తగా పెట్టిన కాలేజీ. అక్కడి పి.యు.సి. తరగతిలో నలభై రెండు మంది విద్యార్థులు. రోజూ పాఠానికి వచ్చేది ఒక్కరే.

ఆ ఒక్కరు మనోరమ. మూడు మైళ్ల దూరంలోని పల్లె నుంచి నడిచి వచ్చేది. తల్లి శాంతవ్వ తొలికోడి కూతకు లేచి జొన్నరొట్టె చేసి మూట కట్టిచ్చేది. వాళ్ల ఊరి బడికి పంతులు లేక రెండేళ్లయింది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. పి.యు.సి. గట్టెక్కి, టీచరు ట్రెయినింగు ముగించి, ఆ తాళం తన చేత్తో తియ్యాలని మనోరమ పట్టుదల. అంతకుమించి ఆ పిల్ల దేన్నీ కోరలేదు.

తక్కిన నలభై ఒక్కమందీ తాండూరు వైపు వాళ్లు. వాళ్ల రైలు వికారాబాదు చేరేసరికి పదకొండున్నర. లెక్చరర్లు హైదరాబాదు కాపురస్థులు. పొద్దున తొమ్మిదింటికి దిగి, పదకొండూ నలభైకి తిరుగు రైలెక్కేవారు. ఆ విధంగా గురుశిష్యులు రోజూ ప్లాట్‌ఫారం మీద పది నిమిషాలు కలుసుకునేవారు. ఆ పది నిమిషాల్లో శిష్యులు చూపే వినయానికి టీ అమ్మేవాడి కళ్లు కూడా చెమర్చేవి.

వెంకటయ్యగారు జీపులో వచ్చి నెల రోజులు విచారించారు. సినిమా హాల్లో మూడు ఆటలు విచారించారు. మిర్చి బజ్జీల బండి దగ్గర రోజూ సాయంత్రం విచారించారు. దర్జీని పిలిపించి బిగుతు ప్యాంట్ల కొలతలు తీయించి నివేదికకు జతపరిచారు. ఆఖరి రోజున, మరిచిపోకుండా, కాలేజీకి కూడా వెళ్లారు.

గదిలో ఒక్క మనోరమ లేచి దణ్ణం పెట్టింది. వెంకటయ్యగారు ఆమెను అనుమానంగా చూశారు.

"ఏం బిడ్డా, అందరు ఎగ్గొడుతుంటే నువ్వెందుకొస్తున్నవ్?"

"చదువుకుందామని సార్. వాళ్లు ఎగ్గొడుతలేరు. రైలే గప్పుడొస్తది. గంట పన్నెండింటికి కొట్టిస్తే అందరం ఉంటం."

గుమాస్తా కలం ఎత్తాడు. వెంకటయ్యగారు వారించారు.

"రాయకు. సంఘం పెట్టింది రానోళ్ల సంగతి తెలుసుకునెటందుకు. గీ పిల్ల వచ్చింది. వచ్చినోళ్ల సాక్ష్యం ఎట్ల చెల్లుతది?"

"మరి రానోళ్లను అడిగిన్రా సార్?"

"ఎట్ల అడుగుత బిడ్డా? వాళ్లు రాలేదు గద!"

నివేదిక మూడు వందల పన్నెండు పేజీలు వచ్చింది. సారాంశం మటుకు ఒక్క ముక్క: విద్యార్థి హాజరు దగ్గరికి రానప్పుడు హాజరే విద్యార్థి దగ్గరికి పోవలెను. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ మేధావులకు తట్టనందుకు పత్రికలు సిగ్గుపడ్డాయి.

తాండూరు స్టేషన్‌లో ప్రారంభోత్సవం జరిగింది. బండలు కడిగి ముగ్గులు పెట్టారు. పాత పట్టీని రద్దు చేసి, కొత్త హాజరుపట్టీకి పూలదండ వేశారు. కాలేజీ అటెండరు హనుమంతు దాన్ని నెత్తిన పెట్టుకుని మూడో తరగతి పెట్టెలోకి ఎక్కాడు. వెంకటయ్యగారు పచ్చజెండా ఊపారు. రైలు కదల్లేదు. కాసేపటికి గార్డు ఊపాడు, కదిలింది. అయినా పత్రికల్లో వెంకటయ్యగారి జెండానే పడింది.

ఆనాటి నుంచి హనుమంతు రైల్లో పేర్లు పిలవడం, పిల్లలు చేతిలో పేకముక్కలు దించకుండానే 'ప్రెజెంట్ సార్' అనడం. ఎవరైనా కునుకు తీస్తుంటే పక్కన కూర్చున్న బెల్లం వ్యాపారి మర్యాదకు పలికేవాడు. రైలు వికారాబాదు చేరగానే లెక్చరర్లు ప్లాట్‌ఫారం మీదే పట్టీలో సంతకాలు పెట్టి తమ రైలెక్కేవారు. ఇంతటి హాజరు రాష్ట్రంలో మరే కాలేజీలోనూ లేదు.

వారం తిరక్కముందే ఇంగ్లీషు లెక్చరరు దేవప్పగారికి ఒక ధర్మసందేహం వచ్చింది. పుస్తకం మూసి కుర్చీలోంచి లేచారు.

"పాఠం, సార్?" అంది మనోరమ.

"తరగతి మొత్తం రైల్లో ఉందమ్మా. ఇక్కడ నీ ఒక్కదానికి చెబితే అది ప్రైవేటు ట్యూషన్ అవుతుంది. ఉద్యోగంలో ఉండి ప్రైవేటు ట్యూషన్ చెప్పడం నేరం. నన్ను ఆ పాపంలోకి లాగకు."

తక్కిన లెక్చరర్లూ నీతిమంతులే. కనుక ఆ పాపానికి ఎవరూ ఒడిగట్టలేదు. మనోరమ ఖాళీ గదిలో కూర్చుని తనకు తానే పైకి చదువుకునేది, అర్థం కానిచోట రెండుసార్లు చదువుకునేది.

ఒకనాడు హనుమంతు గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు.

"బిడ్డా, పట్టీల నీ పేరు కాడ అన్ని సున్నలే పడుతున్నయి. నా పానం గుంజుతున్నది. పొద్దుగాల తాండూరు పోయి, గా రైల్నే మల్ల రారాదు?"

"తాండూరుకు పోతే చదువుకునుడెప్పుడు? గీడనే కూసున్న గద కాకా, కనిపిస్తలేనా?"

"నాకు కనిపిస్తవు. పట్టీకి కనిపియ్యవు. రైలు బయట పిలిస్తే చెల్లదని ఆర్డరు."

మనోరమకు ఒళ్లు మండింది. అర్జీ రాసి ప్రిన్సిపాలు గారికిచ్చింది. ఆయన దాన్ని సంఘానికి పంపారు. వచ్చినవారి అర్జీలు పరిశీలించే అధికారం తమకు లేదని సంఘం తిప్పి పంపింది.

మార్చి మొదట్లో హాల్ టికెట్లు వచ్చాయి. నలభై ఒకటి.

"నూటికి డెబ్బయ్యైదు ఉండాలి. నీకు సున్నా," అన్నారు ప్రిన్సిపాలు గారు.

"నేను రోజు వచ్చిన సార్. మీరే చూసిన్రు."

"చూశాను, అందుకే ఆశ్చర్యంగా ఉంది. ఇంట్లో కూర్చుని ఎగ్గొట్టినవాళ్లను ఎరుగుదును గానీ, కాలేజీలో కూర్చుని ఎగ్గొట్టినదాన్ని నిన్నే చూస్తున్నాను."

మూడు మైళ్లూ ఏడుస్తూనే నడిచింది. శాంతవ్వ సంగతంతా విన్నది. గొంతు తగ్గించి అడిగింది.

"మరి రోజు నువ్వు యాడికి పోయినవే?"

ఏడాదంతా పడిన సున్నలన్నీ ఒక ఎత్తు, తల్లి అడిగిన ఆ ఒక్క మాట ఒక ఎత్తు. మనోరమ ఆ పూట రొట్టె ముట్టలేదు.

ఆ వారమే పత్రికల్లో శుభవార్త వచ్చింది. వెంకటయ్యగారి కృషి వల్ల నలభై ఒక్కమంది దారిలో పడ్డారు. ఒక్క విద్యార్థిని మాత్రం ఎంత చెప్పినా ఎగ్గొట్టే అలవాటు మానలేదు. ఆ ఒక్కరినీ వదిలేస్తే దేశానికి అన్యాయం జరుగుతుంది గనుక సంఘం గడువును, జీపుతో సహా, మరో ఏడాది పొడిగించారు.

మర్నాడు హనుమంతు కాగితం పట్టుకుని మనోరమ ఇంటికి పరుగున వచ్చాడు. అతని మొహం వెలిగిపోతున్నది.

"బిడ్డా, ఇగ ఫికర్ లేదు! నువ్వు రానోళ్ల లెక్కల పడ్డవు. ఇగ నీ సాక్ష్యం చెల్లుతదంట!"

మనోరమ కాగితం అందుకుని చదివింది. విచారణ తాండూరులో. మార్చి ఇరవై మూడు, సోమవారం, ఉదయం పది గంటలు. ఆ రోజు, ఆ వేళకే, వికారాబాదులో పరీక్ష మొదలు. కాగితం అడుగున ఎర్రసిరాతో గీత కొట్టి రాశారు: 'హాజరు తప్పనిసరి.'