ముద్ర పడని పాఠాలు

గాజువాకలోని ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థిని కుమారి దేవి, ఫిన్లాండు దేశపు ప్రాథమిక పాఠశాలలో ఆరు వారాలపాటు నలభై పాఠాలు చెప్పి తిరిగివచ్చిన శుభసందర్భాన ఘనంగా సన్మానం జరిగింది. మొదటి శాలువా ప్రిన్సిపాల్ శ్రీరామ్మూర్తిగారికి, రెండోది శాలువాలు తెప్పించిన కమిటీ అధ్యక్షులవారికి, మిగిలినది దేవికి కప్పారు. క్రమం ఎక్కడా తప్పలేదు.

శ్రీరామ్మూర్తిగారు గంటా పది నిమిషాలు ప్రసంగించారు. “ప్రపంచానికి సున్నా ఇచ్చిన దేశం మనది. ఇప్పుడు దేవినీ ఇచ్చాం” అన్నారు. దేవికి మూడు నిమిషాలు దొరికాయి. అక్కడ పిల్లలు బూట్లు బయట విడిచి మేజోళ్ళతో తరగతికి వస్తారనీ, పాఠం అయ్యాక పావుగంట మంచులో ఆడుకుంటారనీ చెప్పింది. ఒకరోజు ఏడేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్నకు తనకు జవాబు తోచకపోతే, ‘తెలియదని చెప్పు, రేపు అందరం కలిసి వెతుకుదాం’ అని అక్కడి టీచరమ్మ అన్నదని కూడా చెప్పింది.

“తెలీదని సెప్పడానికి అంత దూరం ఎల్లాలేటి?” అన్నారు ముందువరుసలోని ఒక లెక్చరరు. సభ నవ్వింది. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఆయన ఒక్కసారీ ఆ మాట అనలేదు. ప్రశ్న అడిగినవాణ్ణి బయట నిలబెట్టడం ఆయన పద్ధతి.

సభ ముగిశాక దేవిని రికార్డు అడిగారు.

కాబోయే టీచరు నలభై పాఠాలు చెప్పి, ఒక్కోదాన్నీ రికార్డులో రాసి, ప్రతి పేజీ అడుగున ఆ బడి హెడ్మాస్టరు గుండ్రటి ముద్ర వేయించుకోవాలని నిబంధన. ముద్ర లేకపోతే పాఠం చెప్పనట్టే. చెప్పకపోతే పరీక్ష తప్పినట్టే. తప్పితే ఈ ఏడు డీఎస్సీ రాయడానికి లేదు. జాలరిపేటలో చేపలమ్మి కూతుర్ని చదివించిన దేవి తల్లి నూకాలు ఆ డీఎస్సీ కోసమే కాచుకుని ఉంది.

దేవి రికార్డులో సంతకాలున్నాయి, ముద్రల్లేవు. ముద్ర కావాలని రాస్తే, “నేను తరగతిలోనే కూర్చుని చూశాను కదా, ముద్ర దేనికి?” అని ఆ టీచరమ్మ తిరిగి రాసింది. అయినా మంచి మనిషి కనుక, బాగా చదివిన పిల్లల పుస్తకాల మీద వేసే నవ్వుతున్న ఎలుగుబంటి ముద్రను నలభై కాగితాల మీద వేసి పంపింది. శ్రీరామ్మూర్తిగారు ఎలుగుబంటిని అటూ ఇటూ తిప్పి చూశారు. “హోదా ఏమిటో రాయలేదు” అని తిరస్కరించారు.

ఆయన దయగలవారు. పక్కవీధి బడి హెడ్మాస్టరు ఎల్లారావుగారి దగ్గరకు దేవిని పంపారు. వేసవి సెలవులు కావడంతో బడికి తాళం ఉంది. దానివల్ల ఇబ్బందేమీ కలగలేదు, ముద్ర ఇంట్లోనే ఉంటుంది. ఫిబ్రవరి తేదీలతో ఈ బడిలోనే నలభై పాఠాలూ చెప్పినట్టు రాసుకురమ్మని, చూసి రాసుకోవడానికి ఒక పాత రికార్డు కూడా ఇచ్చారు ఎల్లారావుగారు.

ముప్పయ్యో పాఠం దగ్గర దేవి కలం ఆగింది. ‘ఈ రోజు తుఫాను కారణంగా పదకొండుమందే హాజరయ్యారు’ అని ఉంది. ఏనాడో ఒక సీనియరు నిజంగా తుఫాను వచ్చిన రోజున రాసుకున్న మాట అది. అప్పటినుంచి ఏటా ప్రతి విద్యార్థీ ఆ తుఫానును ఎత్తి రాస్తూనే ఉన్నాడు. వాతావరణ శాఖవారికే ఇంకా కబురు అందలేదు.

దేవి ఆ వాక్యం పైకి చదివితే, చేపల బుట్ట దించుతూ నూకాలు విన్నది. “పిబ్రవరిలో తుపానేటే? ఆ రోజుల్లో మీ అయ్య రోజూ ఏటకెల్లాడు గదే. ఒడ్డునే కూకున్నోడు సేపలు పడ్డాయంటే నాను నమ్ముతానేటి?”

“నమ్మకపోతే ఉజ్జోగం రాదే అమ్మా.”

నూకాలు బుట్ట కడుక్కుని బోర్లించింది. “అయితే రాసీ. పదకొండుమందేటి, ఇంకో నలుగుర్ని ఎయ్యి” అంది.

మర్నాడు దేవి ఆ తుఫాను వాక్యం కొట్టేస్తానంటే ఎల్లారావుగారు ఒప్పుకోలేదు. “తియ్యకమ్మా. నీ ఒక్కదానికే ఎండ కాత్తే నీతో సదివే మిగతా ముప్పైతొమ్మిది మందికీ మాటొత్తాది” అన్నారు. పది నిమిషాల్లో నలభై ముద్రలు పడ్డాయి. “ఇంకేటైనా కాయితాలున్నాయా? తడారకముందే కానిచ్చీదాం.”

పరీక్షాధికారి రికార్డును చేత్తో బరువు చూసి నూటికి తొంభై ఎనిమిది వేశారు. ఫిబ్రవరిలో దేవి ఫిన్లాండులో ఉన్నట్టు సన్మానపత్రమూ, గాజువాకలో ఉన్నట్టు రికార్డూ చెబుతున్నాయి. రెంటి మీదా శ్రీరామ్మూర్తిగారి సంతకమే.

దేవికి ఉద్యోగం వచ్చింది. ఆమె గురించి మీరు బెంగపడనక్కరలేదు, నిజంగా పిల్లల ముందు నిలబడి వచ్చిన మనిషే. మిగతా ముప్పైతొమ్మిది మందికీ ఏదో ఒక బడి దొరికింది. వారిలో ఒకరు మీ పిల్లల బడిలోనే ఉన్నారు. చేర్పించిన రోజున మీరు బస్సు ఏ మలుపులో ఆగుతుందో అడిగారు, యూనిఫాం ఏ దుకాణంలో దొరుకుతుందో అడిగారు, గోడకున్న స్మార్ట్ బోర్డు ఎన్ని అంగుళాలో కూడా అడిగారు. పాఠం చెప్పే మనిషి అంతకుముందు ఎప్పుడైనా పాఠం చెప్పారా అని మాత్రం అడగలేదు. మంచిపని చేశారు. అడిగితే రికార్డు తీసి చూపించేవారు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, మీరు మెచ్చుకుని ఇంటికి వచ్చేవారు.