సొంత తొడల విందు

ఆపరేషన్ తర్వాత ఆకలిని మించిన మందు లేదు! ఈ మాట చెప్పే అర్హత ఈజిప్టులో మా రషీద్ ఊరి ఖర్జూర తోటలన్నిటిలో నాకొక్కడికే ఉంది. నా పిత్తాశయం తీసినప్పుడు వారమంతా పచ్చిగంగ ముట్టకుండా పడుకుని, ఇంటికొచ్చిన పూటే గేదెను భుజాన వేసుకుని కాలవ దాటినవాణ్ని.

నవ్వకండి, శాస్త్రం నా పక్షానే ఉంది. ఒంటిమీద కత్తి పడగానే లోపలి హార్మోన్లు కొన్ని ఇల్లు అంటుకున్నట్టు గగ్గోలు పెడతాయి. పొయ్యిలోకి కట్టెలు కావాలి. బయటినుంచి రాకపోతే? ఒళ్లు తన ఇంటి దూలాలనే పీకి పొయ్యిలో పెడుతుంది. దూలాలంటే కండలు. వాటిలోని ప్రొటీన్ కరిగి, కొంత గాయానికి అతుకవుతుంది, చాలామట్టుకు మూత్రంలో కొట్టుకుపోతుంది. ఇంతకంటే స్వయంపోషణ ఎక్కడుంది చెప్పండి? మాంసం కొట్టు దగ్గర బేరం లేదు. మనిషి తన తొడను తానే తింటాడు, పళ్లు కూడా అక్కర్లేదు!

మా అబ్దుల్ మౌగూద్‌కు ఈ భాగ్యం పట్టింది. అతను ఖర్జూర చెట్లెక్కేవాడు. వసంతం రాగానే నడుముకు మోకు బిగించి, పోతుచెట్టు పూరెమ్మలు తీసుకెళ్లి ఆడచెట్టు గెలల్లో కట్టాలి. ఆ అదను తప్పితే ఏడాది పంట గాలికే. ఎక్కలేనివాడి తోటలు మరొకడి చేతికి పోతాయి. సరిగ్గా చలికాలం చివర అతనికి పేగు మెలిపడింది. కోశారు, సరిచేశారు, కుట్టారు.

"నేను చెప్పేదాకా నోట్లో ఏమీ వెయ్యొద్దు" అన్నాడు పెద్ద డాక్టరు. అని, అలెగ్జాండ్రియాలో సదస్సుకు వెళ్లిపోయాడు. సదస్సు దేనిమీద? ఆపరేషన్ తర్వాత రోగి ఆహారం మీద! అక్కడ బఫే ఘనంగా ఉందని వినికిడి.

కఠినాత్ముడనుకునేరు. కండ కరక్కుండా పెరుగుదల హార్మోన్ ఇంజక్షన్ రాసే వెళ్లాడు. ఆ హార్మోన్ తాపీమేస్త్రీ లాంటిది. రోజూ మేస్త్రీలు దిగారు, తాపీలు పట్టుకుని నిలబడ్డారు. ఇటుకలేవి? ఇటుకలు పెద్దాయన చెప్పేదాకా గుమ్మం బయటే!

గుమ్మం బయట ఇటుకలకు కొరతా? మా దగ్గర రోగిని చూడ్డానికి ఉత్త చేతుల్తో ఎవరొస్తారు? గోధుమ రవ్వ కూరి వండిన పావురాలు బుట్టల్లో వచ్చాయి. మంచం మీదున్నా మౌగూద్ గృహస్థే కదా, మర్యాద తప్పలేడు. "తినండయ్యా, నామీద ఒట్టు" అంటూ వచ్చినవాళ్లకూ పక్కమంచాల వాళ్లకూ తినిపించాడు. అతని తొడలు సన్నబడ్డాయి, పక్కమంచాల వాళ్ల బుగ్గలు నిండాయి. ఆస్పత్రికి ఇంతకంటే పేరేం కావాలి?

"నీ కాళ్లకంటే కోడిపిల్ల కాళ్లు నయం" అంది భార్య ఉమ్మ్ హిలాల్, దుప్పటి సర్దుతూ. "వసంతానికి మోకు నువ్వు కట్టుకుంటావా, నిన్నే మోకుకు కట్టి లాగాలా?"

మౌగూద్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చాడు షహాత, అతనితోపాటు చెట్లెక్కే స్నేహితుడు. వెనకే బుట్టతో భార్య జకియ్యా.

"తిను బావా."

"వద్దురా, డాక్టరు..."

మాట పూర్తికాలేదు. "నువ్వీ పావురం తినకపోతే నా పెళ్లానికి విడాకులే!"

తినిపించడానికి మా మగాళ్లు ఈ ఒట్టును కూరలో ఉప్పులా చల్లుతుంటారు. నోరు జారాక వెనక్కి తీసుకోవడమే కష్టం, ఎదుటివాడు తినకపోతే విడాకులు నిజంగానే అయిపోతాయి.

"నీ నోట్లో మన్ను పడ! మధ్యలో నేనేం చేశానయ్యా?" అంది జకియ్యా. "మౌగూద్ అన్నా, తినన్నా! పిల్లలున్నారన్నా!"

కుర్ర డాక్టరు వగీహ్ పరుగెత్తుకొచ్చాడు. "ఆగండాగండి! పెద్ద డాక్టరు చెప్పలేదు!"

"ఆయన చెప్పేలోపు ఇక్కడ కాపురం కూలిపోతుంది బాబూ" అంది ఉమ్మ్ హిలాల్. "నువ్వు మాత్రం డాక్టరువి కాదా? ఆ మెడలో గొట్టం పూసలదండా? పొట్టమీద పెట్టి విను."

పెట్టి విన్నాడు. లోపల పేగులు బజారంత సందడి చేస్తున్నాయి, అంటే తిండికి సిద్ధమే.

"గాలి పోయిందా?"

"ఎప్పుడో పోయింది బాబూ. వార్డంతా సాక్ష్యం" అన్నాడు మౌగూద్.

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

వగీహ్ నుదురు రుద్దుకున్నాడు. తర్వాత షహాతను అడిగాడు: "ఎప్పట్లోగా తినాలని ఒట్టేశావు?"

"గడువేం పెట్టలేదు సారూ!"

"అయితే ఇవాళ ఈ పావురం ఉడికించిన రసం నాలుగు చెంచాలు. రేపట్నుంచి మాంసం మెత్తగా నలిపి కొంచెం కొంచెంగా. పావురం పూర్తవుతుంది, నీ కాపురమూ నిలుస్తుంది."

ఇటుకలందాయి, మేస్త్రీలు పని మొదలెట్టారు. సదస్సు నుంచి తిరిగొచ్చిన పెద్ద డాక్టరు మౌగూద్ తొడ నొక్కి చూసి, "ఇంజక్షన్ మహిమ!" అన్నాడు. వసంతంలో మౌగూద్ అందరికంటే ఎత్తయిన చెట్టెక్కి, పైనుంచి పూరెమ్మ ఊపాడు.

నా ఉపవాసం సంగతా? నా దిండు కింద మా ఆవిడ ఉడికించిన చిక్కుడుగింజలు పెట్టేది. ఇక కాలవ దగ్గర, గేదే నన్ను మోసింది.

కానీ మౌగూద్ కథలో నేను అల్లింది ఒక్కటే. పావురం నిజం, ఒట్టు నిజం, సదస్సు నిజం. చెట్టెక్కడమే అబద్ధం. ఎవరూ అడగని ఆ కొద్దిరోజుల్లో పోయిన తొడ వసంతంలోగా పూర్తిగా తిరిగి రాలేదు. అతని తోటల్లో చెట్లన్నీ ఈసారి షహాతే ఎక్కాడు. మౌగూద్ కింద నిలబడి, మాను మీద చెయ్యి వేసి, మెడ సాచి అరుస్తున్నాడు: "ఎడమ పక్క గెల వదిలేశావురా!"